బందరు, తారూత్, ఒక తెరచాప

బందరు అన్నది మనకి ఒక ఊరి పేరు. బందరు లడ్డూ, బందరు కాలవ, బందరు రోడ్డు. (నేను విజయవాడలో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళలో సగం ఆ బందరు రోడ్డు మీద సిటీబస్సుల్లోనే గడిచింది.) పర్షియన్ భాషలో బందర్ అంటే ఓడరేవు, అంతే. మచిలీపట్నం ఎంత పెద్ద రేవంటే, దానికి "రేవు" అన్నదే పేరుగా నిలబడిపోయింది. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉంది. మేముండే సౌదీలో మగపిల్లలకి బందర్ అని పేరు కూడా పెట్టుకుంటారు.

ఇంకొంచెం తవ్వితే మరికొన్ని బయటపడతాయి. లంగరు పర్షియన్ మాట. సరంగు, కలాసీ అటువైపు నుంచి వచ్చినవే. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది చుక్కాని. అచ్చ తెలుగు మాటలా వినిపించే ఈ చుక్కానికి మూలం అరబ్బీ "సుక్కాన్". ఈ గల్ఫ్ తీరంలో ఇప్పటికీ పడవ చుక్కానినీ, కారు స్టీరింగునీ కూడా సుక్కాన్ అనే అంటారు. దమ్మామ్‌లో డ్రైవరు పని చేసే కరీంనగర్ తమ్ముడు పొద్దున్నే పట్టుకునేది, గోదావరి మీద లాంచీ సరంగు పట్టుకునేది మాట వరసకి ఒకటే వస్తువన్నమాట!

మాటలు ఊరికే ప్రయాణం చెయ్యవు. ఎవరో ఒకరు పడవెక్కితేనే అవి సముద్రం దాటుతాయి. అందుకని ఈ వ్యాసంలో రాజుల కంటే, వర్తకుల కంటే, పడవ గురించీ, ఆ పడవలో పని చేసినవాళ్ళ గురించీ ఎక్కువ చెప్పుకుందాం.

ముందు కలప సంగతి. సౌదీ తూర్పు తీరంలో ఖతీఫ్, అల్ హసా ఒయాసిస్సుల నిండా ఖర్జూరపు చెట్లే. తాటిదూలం ఇంటి కప్పుకి పనికొచ్చినట్టు ఖర్జూరపు మాను కూడా దూలాలకి పనికొస్తుంది గానీ సముద్రం మీదకి వెళ్ళే పడవకి పలకలు కొయ్యడానికి పనికిరాదు. అంచేత ఇక్కడి పడవల కలప ఎప్పుడూ ఇండియాదే. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన "పెరిప్లస్"లో, భరుకచ్ఛం (ఇప్పటి భరూచ్) నుంచి పర్షియన్ గల్ఫ్ రేవులకి టేకు, దూలాలు, దుంగలు వెళ్ళేవని ఉంది. అరబ్బీలో టేకుని "సాజ్" అంటారు. సంస్కృతంలో టేకుకున్న "శాక" అనే పేరు నుంచి వచ్చిందది. మలబారు తీరంలో ఒకే మానుని తొలిచి చేసిన చిన్న దోనెలు ఓడల మీద ఇక్కడికి వచ్చేవి. వాటిని హోరీ అంటారు. ఆ పేరు కూడా హిందీ నుంచి వచ్చిందే అంటారు.

కలప ఒక్కటే కాదు, ఆ పలకల్ని కలిపే తాడు కూడా మన వైపుదే. పాత రోజుల్లో అరబ్బు పడవలకి ఇనుప మేకులు ఉండేవి కావు. పలకల అంచుల వెంట బెజ్జాలు పెట్టి, కొబ్బరిపీచు తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టేవాళ్ళు. పైన చేపనూనె పూసేవాళ్ళు. 1183లో హజ్‌కి వెళ్తూ ఎర్రసముద్రం దాటి జెడ్డాలో దిగిన అండలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్ ఈ పడవల్ని దగ్గరగా చూశాడు. ఒక్క మేకు లేకుండా కుట్టినవనీ, కొయ్యా తాడూ ఇండియా, యెమెన్‌ల నుంచి తెచ్చుకునేవాళ్ళనీ రాశాడు. పడవ యజమానులు యాత్రికుల్ని కోళ్ళ బుట్టలో కుక్కినట్టు కుక్కేసి, ఒక్క ట్రిప్పులోనే పడవ ఖరీదు రాబట్టుకోవాలని చూసేవాళ్ళని కూడా గట్టిగానే తిట్టిపోశాడు. ఈ వ్యాపారానికి వయసు ఎనిమిదొందల ఏళ్ళు పైమాటే.

ఇంకో వందేళ్ళకి మార్కో పోలో వచ్చాడు. హోర్ముజ్‌లో కుట్టుపడవల్ని చూసి, వీటిలో ప్రయాణం ప్రాణాల మీదకే అన్నట్టు రాశాడు. ఒకే తెరచాప, ఒకే చుక్కాని, పైన డెక్కు లేదు. సరుకు మీద తోళ్ళు కప్పి, ఆ తోళ్ళ మీద ఇండియాకి అమ్మకానికి తీసుకెళ్ళే గుర్రాల్ని నిలబెట్టేవాళ్ళట. అక్కడి కలప మరీ గట్టిది, మేకు దిగితే పగులుతుంది, అందుకే కుడతారు అని అతని వివరణ. ఇంజనీరుగా నాకు అదొక్కటే కారణం అనిపించదు. మేకులు కొట్టిన పడవ బీటువారితే కమ్మరి కావాలి, కొలిమి కావాలి. కుట్టుపడవకి తాడు, నూనె, నాలుగు చేతులు ఉంటే ఏ ఇసక ఒడ్డునైనా రిపేరు చేసుకోవచ్చు. పైగా కుట్టు కొంచెం వంగుతుంది, కెరటం కొట్టినా, అడుగు నేలకి తగిలినా ఆ దెబ్బని మింగుతుంది.

ఈ మాట రుజువు చెయ్యడానికి అరేబియా దాకా రానక్కర్లేదు. మన కోస్తాలో ఒడ్డు దగ్గర కెరటాలు ఎలా విరుగుతాయో తెలిసిందే. మద్రాసుకి హార్బరు కట్టకముందు ఓడ దిగిన ప్రతి దొరా, దొరసానీ మాసులా పడవ ఎక్కే ఒడ్డుకి చేరాల్సి వచ్చేది. అది కూడా మేకు లేని కుట్టుపడవే. ఆ పేరు మచిలీపట్నం నుంచే వచ్చిందని కొందరంటారు. మద్రాసులో మత్స్యశాఖ డైరెక్టరుగా పని చేసిన జేమ్స్ హోర్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణం మీద ఒక పెద్ద అధ్యయనం ప్రచురించాడు. తర్వాత అరబ్బు పడవల్ని కూడా రకాల వారీగా వర్గీకరించాడు. రెండు తీరాల పడవల్నీ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి ఒక ఇంగ్లీషువాడు కావడం మన అదృష్టమో దురదృష్టమో మీరే చెప్పాలి.

పోలో చూసిన గుర్రాలు ఎక్కడికి వెళ్ళేవి? పద్నాలుగో శతాబ్దం తొలినాళ్ళ పర్షియన్ చరిత్రకారుడు వస్సాఫ్, గల్ఫ్ రేవుల నుంచి మాబర్‌కి, అంటే తమిళ తీరానికి, ఏటా వేల గుర్రాలు వెళ్ళేవంటూ, ఆ రేవుల జాబితాలో ఖతీఫ్, అల్ హసా పేర్లు రాశాడు. నేనుండే ఫ్లాట్‌కి అరగంట దూరంలో ఉన్న ఖతీఫే అది! ఆ గుర్రాల్లో ఎన్ని ఓరుగల్లు దాకా వచ్చాయో లెక్క లేదు గానీ, ఓడల్లో గుర్రాలు మన తీరానికీ వచ్చేవనడానికి గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనమే (1244-45) సాక్ష్యం. తుఫానుకి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారాన్నీ, ఏనుగుల్నీ, గుర్రాల్నీ, రత్నాల్నీ మునుపటి రాజులు లాగేసుకునేవారనీ, మేము మాత్రం నియమిత సుంకం తప్ప ఏమీ తీసుకోమనీ ఆ శాసనం సారాంశం. మన పాఠ్యపుస్తకాల్లో ఈ శాసనాన్ని రాజుగారి దయాగుణానికి ఉదాహరణగా చెప్తారు. నాకైతే అందులో మంచి వ్యాపారబుద్ధి కూడా కనిపిస్తుంది. రేవు సురక్షితమని తెలిస్తేనే కదా ఓడలు వచ్చేది! పోలో కూడా ఆ తర్వాత ముత్‌ఫిలి పేరుతో మోటుపల్లి రాజ్యం గురించి రాశాడు, రాణి న్యాయపాలనని మెచ్చుకున్నాడు. ఆమె రుద్రమదేవే అని చరిత్రకారుల అభిప్రాయం.

ఇక గోల్కొండ కాలం. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నం ఇంగ్లీషు ఫ్యాక్టరీకి పెద్దగా ఉన్న విలియం మెథ్‌వోల్డ్ తన గోల్కొండ వృత్తాంతంలో (1626లో అచ్చయింది) ఒక మంచి విషయం రాశాడు. జనవరిలో బందరు నుంచి ఎర్రసముద్రంలోని మోకాకి ఓడ బయల్దేరేది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తిరిగొచ్చేది. అందులో నీలిమందు, నూలుబట్టలు, ఇనుము, ఉక్కుతో పాటు, మక్కా మదీనాలకి వచ్చే యాత్రికులకి దానంగా పంచడానికి కుతుబ్‌షాహీ సుల్తాను ఏటా బోలెడు బియ్యం పంపేవాడట. ఈనాడు దమ్మామ్ సూపర్ మార్కెట్లో సోనామసూరి బస్తా కనపడితే ఏదో కొత్త అద్భుతంలా మురిసిపోతాం. మన బియ్యం నాలుగొందల ఏళ్ళ కిందటే, తెరచాప గాలి మీద, ఇక్కడికొచ్చింది. ఆ కాలంలో ఓడల్ని కట్టిన చోటు కూడా మనదే. నరసాపురం, మాధవాయపాలెం దగ్గర గోదావరి ఒడ్డున మంచి కలప, మంచి ఇనుము, చవగ్గా నేర్పరులైన వడ్రంగులు దొరుకుతారని, ఇంగ్లీషు వర్తకులు తమ ఓడల్ని అక్కడే కట్టించుకునేవాళ్ళని పదిహేడో శతాబ్దపు నావికుడు థామస్ బౌరీ రాశాడు. వడ్రంగుల పేర్లు మాత్రం ఎవరూ రాయలేదు.

ఇదంతా పుస్తకాల్లో చదువుకున్నదే. పడవ ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే ఎక్కాలి. ఖతీఫ్‌ని ఆనుకుని తారూత్ అనే ద్వీపం ఉంది. ఇప్పుడు వంతెన దారులు వేసి ప్రధాన భూభాగంతో కలిపేశారు. దాని దక్షిణపు కొసన దారీన్ అనే పాత రేవు. ఇండియా నుంచి కస్తూరి దిగుమతయ్యే రేవు గనక, పాత అరబ్బు కవులు "దారీన్ కస్తూరి" అని పాడుకున్నారు. 1915 డిసెంబరు 26న ఇబ్న్ సౌద్, బ్రిటిష్ ప్రతినిధి పెర్సీ కాక్స్ సంతకాలు చేసిన దారీన్ ఒప్పందం ఇక్కడిదే. ఒక శీతాకాలపు శుక్రవారం, ఫజ్ర్ నమాజు అయ్యాక, ఆ పక్క జెట్టీ నుంచి ఒక మిత్రుడి ధర్మమా అని ముప్ఫై అడుగుల చెక్క పడవ ఎక్కాను. ఈ రకాన్ని షూయీ అంటారు. యజమాని డెబ్భై ఏళ్ళు దాటిన అరబ్బు పెద్దాయన. పడవకి డీజిలింజను ఉంది, అయినా సరదా కొద్దీ తెరచాప కూడా దాచుకున్నాడు. కోస్టుగార్డు చెక్‌పోస్టులో అందరి ఇకామాలు చూపించి బయటపడేసరికి తూర్పున ఎరుపు మొదలైంది.

ఇంజను కట్టేశాక వచ్చే నిశ్శబ్దాన్ని వర్ణించడం నా వల్ల కాదు గానీ, లెక్క మాత్రం చెప్పగలను. తెల్లవారుజామున నేల చల్లగా, నీళ్ళు వెచ్చగా ఉంటాయి. అందుకని గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఎండెక్కాక అది తిరగబడుతుంది. వెళ్ళడానికి ఒక గాలి, రావడానికి ఒక గాలి. చేపలు పట్టేవాళ్ళు చీకటితో లేవడానికి సగం కారణం ఇదే. పొడవాటి వాలుకొయ్యకి కట్టిన మూడుమూలల తెరచాప అది. దాన్ని ఎత్తడానికి ముగ్గురం తాడు లాగాం. పక్క మార్చాలంటే ఆ కొయ్యని స్తంభం ముందు నుంచి అటువైపుకి తిప్పాలి. పెద్దాయన "యా ముహందిస్! ఆ తాడు వదులు!" అంటున్నాడు. ముహందిస్ అంటే ఇంజనీరు. ఏ తాడో ఆయన వేలు చూపించాక గానీ నాకు తెలియలేదు. పడవ పక్కకి ఒరిగి, చప్పుడు లేకుండా కదిలింది. ఒకవైపు తారూత్ అఖాతం ఒడ్డున మడచెట్లు, మన కోరంగి అడవుల్లో ఉన్న తెల్లమడ జాతే. దూరంగా, రాస్ తనూరా వైపు, రిఫైనరీ మంటల వెలుగు.

పడవలో పని చేసే కుర్రాడు శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు ఊరివాడు. ఆ సంగతి తాడు లాగేటప్పుడు అతను వేసిన కేకలో తెలిసిపోయింది. "మా ఊర్లో పెద్దవల లాగినప్పుడూ ఇలాగే కేకేస్తాం సార్" అన్నాడు నవ్వుతూ. కుట్టుపడవల సంగతి అడిగితే, "మా తాత కుట్టీవోడు సార్. కొబ్బరి తాడు, లోపల పీచు కుక్కీవోడు. మా నాన్నకి రాదు. నాకసలే రాదు" అన్నాడు. వీసాకి రెండు లక్షలు అప్పు చేశాడట, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఎప్పటికి తీరుతుందయ్యా అంటే వేళ్ళ మీద లెక్క పెట్టి, "ఇంకా ఏడాదిన్నర సార్. ఆ పైన ఒచ్చిందే నాది" అన్నాడు.

అప్పు అన్న ఆ మాట దగ్గరే ఈ సముద్రం అసలు చరిత్ర ఉంది. పర్యాటకులకి చూపించే బొమ్మల్లో తెరచాప ఉంటుంది, ముత్యం ఉంటుంది. ఖాతా పుస్తకం ఉండదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ అధికారి లోరిమర్ తయారు చేసిన గెజిటీరు ప్రకారం గల్ఫ్ మొత్తం మీద దాదాపు 4,500 పడవలు, 74,000 మంది మనుషులు ముత్యాల వేటలో ఉండేవాళ్ళు. వేసవిలో నాలుగు నెలల పది రోజులు సముద్రం మీదే. తెల్లవారగానే నిన్నటి ఆల్చిప్పల్ని పడవ నాయకుడి (నఖుదా అంటారు) కళ్ళెదుటే కత్తులతో తెరిచేవాళ్ళు. ముత్యం దొరికితే నఖుదా చేతికి. తర్వాత నాలుగు ఖర్జూరాలు, కాఫీ. అప్పుడు మునక. ముక్కుకి తాబేటి చిప్పతోనో కొమ్ముతోనో చేసిన క్లిప్పు, కాలికి రాయి, మెళ్ళో బుట్ట. ఒక నిమిషం, నిమిషంన్నర ఊపిరి బిగబట్టి చిప్పలు కోసి, తాడు కదిపితే పైనున్న మనిషి లాగుతాడు. ఆ లాగడం ఒక్క క్షణం ఆలస్యమైతే అంతే సంగతులు. మునిగేవాడిని ఘైస్, లాగేవాడిని సైబ్ అంటారు. కడుపు నిండా తిండి సూర్యుడు అస్తమించాకే. మునిగేవాళ్ళలో తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ ఉండేవాళ్ళు. సౌదీలో బానిసత్వాన్ని రద్దు చేసింది 1962లో.

జీతం లేదు, వాటాలే. ఖర్చులు పోను మిగిలినదాంట్లో మునిగేవాడికి మూడు వాటాలు, లాగేవాడికి రెండు, నేర్చుకునే కుర్రాడికి ఒకటి. వినడానికి న్యాయంగానే ఉంది కదూ? కానీ సీజను మొదలవకముందే ఇంటి ఖర్చులకి నఖుదా దగ్గర అడ్వాన్సు తీసుకోవాలి. సీజను చివర్లో వాటా ఆ అడ్వాన్సుకి చాలదు. మిగిలింది ఖాతాలో పడుతుంది. ఖాతా రాసేది నఖుదానో, అతనికి అప్పిచ్చిన వర్తకుడో. చదవడం రాని ఘైస్‌కి అందులో ఏముందో తెలీదు. తండ్రి పోతే అప్పు కొడుక్కి వచ్చేది. వేరే నఖుదా దగ్గరికి మారాలంటే పాత నఖుదా నుంచి "బర్వా" అనే చీటీ కావాలి. 1938-39లో కువైట్ పడవల మీద తిరిగి పుస్తకం రాసిన ఆస్ట్రేలియన్ నావికుడు అలన్ విలియర్స్, మునిగేవాడు నఖుదాకి, నఖుదా వర్తకుడికి బాకీ ఉండడాన్ని కళ్ళారా చూసి రాశాడు. పక్కనే ఉన్న బహ్రెయిన్‌లో 1920ల్లో అడ్వాన్సుకి పరిమితి పెట్టి, ప్రతి మునకవాడికీ సొంత ఖాతా పుస్తకం ఇవ్వాలని సంస్కరణలు తెచ్చారు. వర్తకులు వ్యతిరేకించారంటే అర్థం చేసుకోవచ్చు. మునిగేవాళ్ళే 1932లో అల్లరికి దిగారు, అడ్వాన్సు తగ్గితే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు గనక.

ఆ ముత్యాలు ఎక్కడికి వెళ్ళేవో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. బొంబాయికి. అక్కడ బెజ్జాలు పెట్టి, రకాలుగా వేరు చేసి, సగం యూరప్‌కి, సగం మన సంస్థానాధీశులకి. హైదరాబాదులో మన అమ్మమ్మలు "బస్రా ముత్యాలు" అని గొప్పగా చెప్పుకునేవి బస్రాలో పుట్టినవి కావు, ఈ గల్ఫ్ అడుగునుంచి వచ్చినవే. భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లకి కొన్న నిజాం నగల్లో "సత్‌లడా" అనే ఏడు పేటల బస్రా ముత్యాల హారం ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టినప్పుడు జనం దాన్ని చూడటానికి బారులు తీరారు. ఒక్కో ముత్యం వెనకాల ఎన్ని మునకలో ఆ అద్దాల పెట్టె మీద రాసి ఉండదు. ఇప్పుడు పత్తర్‌గట్టీ షాపుల్లో దొరికేవి చాలావరకు చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవి.

జపాన్‌లో మికిమోటో పెంపుడు ముత్యాలు మార్కెట్లోకి వచ్చాక, 1929 ఆర్థికమాంద్యం మీద పడ్డాక, ఈ వ్యాపారం కుప్పకూలింది. పడవలు ఒడ్డున ఎండిపోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1933 మే 29న చమురు ఒప్పందం కుదిరింది. సెప్టెంబరు 23న కాలిఫోర్నియా కంపెనీ జియాలజిస్టులు ఇద్దరు బహ్రెయిన్ నుంచి ఒక లాంచీలో వచ్చి జుబైల్ ఒడ్డున దిగారు. చమురు యుగం కూడా ఈ తీరానికి పడవ మీదే వచ్చిందన్నమాట. 1938 మార్చిలో దమ్మామ్ ఏడో నంబరు బావిలో నూనె పడింది. నిన్నటి మునకవాళ్ళు, లాగేవాళ్ళు కొత్త కంపెనీలో కూలీలుగా చేరారు. వాళ్ళకి అంతకుముందెన్నడూ లేని వింత ఒకటి దొరికింది: ముత్యం దొరికినా దొరక్కపోయినా వచ్చే జీతం.

ఆ కూలీల మనవలు ఇప్పుడు మా ఆఫీసులో ఇంజనీర్లు. పడవ మీద తాడు లాగే చోటుకి మాత్రం మన వైపు నుంచి కొత్తవాళ్ళు వచ్చారు. పోలికని మరీ సాగదీయను. శ్రీకాకుళం కుర్రాడికి నెలజీతం ఉంది, ఫోన్‌లో బ్యాంకు ఖాతా ఉంది, అతను నీళ్ళ అడుగుకి వెళ్ళడు. కానీ అతని అప్పు ఇక్కడ లేదు, ఊళ్ళో ఉంది. అతనికేమైనా అయితే వడ్డీవాడు వెళ్ళేది వాళ్ళ నాన్న దగ్గరికే. బర్వాకి తమ్ముడి లాంటి యజమాని అనుమతిపత్రం చాలాకాలం నడిచింది. 2021 మార్చి నుంచి కొన్ని షరతులతో, యజమాని ఒప్పుకోకపోయినా వేరే చోటుకి మారే వీలు కల్పించారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ, ఇంటి డ్రైవర్లకీ, తోటమాలులకీ, గొర్రెల కాపరులకీ ఆ సంస్కరణ వర్తించలేదు. మన కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, రాయచోటి వాళ్ళలో చాలామంది చేసే పనులు అవే.

తొమ్మిది దాటాక గాలి తిరిగింది. పెద్దాయన తెరచాప దింపించి ఇంజను వేశాడు. ఈ పడవ పాతబడితే ఇంకో చెక్క పడవ చేయిస్తారా అని అడిగాను. వడ్రంగులు లేరు, ఫైబర్ పడవే కొంటానన్నాడు. పక్క నుంచి మనవాడు తెలుగులో, "మా నాన్న కూడా ఫైబర్‌దే కొన్నాడు సార్, అప్పు చేసి" అన్నాడు.